తీసేసిన ఎత్తులు

నాంచారి చదరంగం బల్ల మీద నల్లగుర్రం దాకా చెయ్యి చాపి ఆగిపోయింది. కింది పెదవి పంటి కింద పెట్టుకుని, ఎదురుగా కూర్చున్న తండ్రి వైపు చూసింది.

"ఇక్కడ పిచ్చమ్మత్త దారిన పోయుండాల్సింది కదా నాన్నా."

"పోయుండొచ్చు," అన్నాడు సింగరకొండ.

గాజుగోడ అవతల కూర్చున్న డాక్టర్ కామేశ్వరి తెర మీదికి వంగింది. నాంచారి తలకు బిగించిన టోపీ నుంచి వెంట్రుకల్లాంటి తీగలు ఆ గోడలోకి పోతున్నాయి. తెర మీద పిల్ల మెదడు బొమ్మలో ఒక మూల ఎర్రగా వెలిగింది. దాని పక్కనే ఆటను తూచే యంత్రం తన తీర్పు చూపించింది. ఆ దారిన పోతే నల్లవాళ్ళకు ముప్పావు బంటు నష్టం.

"ఆ దారి చివరిదాకా చెప్పమ్మా," అంది డాక్టరు స్పీకరులో.

నాంచారి చెప్పుకుంటూ పోయింది. తెల్ల ఒంటె వచ్చి వాళ్ళ రాజు ముందర నిలబడుతుంది. నల్లగుర్రం ఊరుకోదు, ఎగిరి దాని గుమ్మంలోకే పోతుంది. ఒంటె విసుక్కుని ఇవతలికి జరిగితే, ఈసారి బంటు అదిలిస్తుంది. పిచ్చమ్మత్త ఎవరింటికన్నా తగాదాకి పోయినట్టే ఉంటుంది వ్యవహారమంతా.

"తప్పే కదా?"

"తప్పే," అంది నాంచారి డాక్టరుకి.

టోపీలో ఎక్కడో కీచుమని సన్నటి చప్పుడయింది. నాంచారి రెప్పలు ఒక్కసారి మూసుకుని తెరుచుకున్నాయి. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎక్కడున్నాం నాన్నా?" అంది. సింగరకొండ బల్ల వైపు చూపించాడు. ఆ పిల్ల చూపు బల్లంతా తిరిగింది, గుర్రం ఎగరాల్సిన ఆ గడి మీద మాత్రం ఆగలేదు. అక్కడ గడే లేనట్టు దాటిపోయింది. సింగరకొండ అది చూశాడు. ఆయన మాటలు తక్కువ మనిషి.

మొదటిసారి విశాఖ కొండమీది ఈ పరిశోధనాలయానికి వచ్చినప్పుడు డాక్టరమ్మ ఆయనకు అర్థమయ్యేట్టే చెప్పింది. జ్ఞాపకాన్ని తలుచుకున్నప్పుడల్లా అది కరుగుతుందట, కాసేపటికి మళ్ళీ గడ్డకడుతుందట. కరిగి ఉన్న ఆ కాసేపట్లో చిన్న దెబ్బ వేస్తే ఇక గడ్డకట్టదు. ఆటగాడి బుర్రలో నుంచి చెడ్డ ఎత్తులన్నీ అలా ఏరి పారేస్తే మిగిలేవన్నీ మంచి ఎత్తులే. పనికిరాని దారుల్లో తిరగడం ఉండదు, తడబాటు ఉండదు, గడియారం టైముని తినేయదు. సింగరకొండ తాతల నాటి నుంచి ఉప్పు మళ్ళలో పనిచేసే ఇంటివాడు. పండిన మడి మీద వాన పడితే ఉప్పంతా ఎలా కరిగిపోతుందో ఆయనకు తెలుసు. తెలిసీ ఆ మాట అడగలేదు. పిల్ల కళ్ళల్లో ఆశ చూసి ఊరుకున్నాడు.

తండ్రి ఎదురుగా ఉంటేనే నాంచారికి దారులన్నీ బయటికి వస్తాయి. ఆ పిల్ల ఆట నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు. మళ్ళలో నీళ్ళు ఎండేదాకా పనివాళ్ళకు చేసేదేం ఉండదు. ఆ వేళప్పుడు, పాకలో, సాల్టు ఇన్‌స్పెక్టరు దైవసహాయం గారు సింగరకొండకు నల్లపావులతో మొదలుపెట్టే ఒక ఆట నేర్పించి పోయాడు. బయట దాన్ని కింగ్స్ ఇండియన్ అంటారని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. నల్లవాడు బల్ల మధ్యభాగమంతా ఎదుటివాడికి వదిలేస్తాడు. రాజుని ఇంట్లో పెట్టి తలుపేసి, ఒంటెని మూలన కూర్చోబెట్టి చూస్తూ ఉంటాడు. ఎదుటివాడు అంతా నాదేననుకున్నాక అప్పుడు లేస్తాడు. అందులో పాయలు లెక్కలేనన్ని. పిల్లకు గుర్తుండాలని సింగరకొండ ఒక్కో పాయకు ఊళ్ళో ఒక్కో మనిషి పేరు పెట్టాడు. ఎవరి నడక ఎలా ఉంటుందో ఆయన చూసినంత ఇంకెవరూ చూసి ఉండరు. మంత్రులు ఇద్దర్నీ మార్చేసుకుని, గొడవెందుకులే అని చల్లగా ఇంటికి పోయేది టీ అంగడి సాంబయ్య దారి. బల్ల అంచుకు పోయి నిలబడే గుర్రం కోటేశు దారి.

అలా పెరిగిన పిల్ల ఇప్పుడు దేశంలో ఎదురులేని ఆటగత్తె. ప్రపంచ పోటీ ముందుంది.

*

ఆ వారం నాంచారి ఇంటికి వచ్చినప్పుడు పిచ్చమ్మ ఎండు మెత్తళ్ళ చేపలు పట్టుకుని వచ్చింది. సింగరకొండకు సొంత అక్క ఆవిడ. రెండు వీధుల అవతల నుంచే గొంతు వినపడుతుంది.

"ఏమే చాంపియనూ, టీవీలో చూశాలే. ఆ జుట్టేందే, గోడకు కొట్టిన పిడకలాగా. మీ అమ్మ నూనె కూడా పెట్టట్లా?"

అరుగు మీద ఉన్న నాంచారి లేచి నిలబడింది.

"ఎవరు కావాలండీ?"

పిచ్చమ్మ నవ్వింది. "ఒరే కొండా, నీ కూతురు వేషాలు చూడు. ఎవరు కావాలంట. నీకు పురుటి నీళ్ళు పోసినదాన్నే నేను. నువ్వు నా చీరలన్నీ పాడుచేసినదానివి. మేనత్తనే, నీ పీకకి కట్టిన గంటని."

"కూర్చోండి. అమ్మని పిలుస్తాను," అంది నాంచారి. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇవ్వడంలో ఎంత మర్యాద ఉందంటే, పిచ్చమ్మ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. గ్లాసు పట్టుకుని తమ్ముడి వైపు చూసింది. సింగరకొండ తల వంచుకున్నాడు.

"దీనికేం చేశార్రా," అంది చివరికి, మెల్లిగా. ఆవిడ అంత మెల్లిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు.

పోయిన నెల టీ అంగడి ముందు సాంబయ్య పలకరిస్తే నాంచారి పలక్కుండా వచ్చేసింది. పట్నం పొగరు అనుకున్నారు అందరూ. అంతకుముందు సెషన్లో తీసేసింది సాంబయ్య దారినే. సింగరకొండకు ఇప్పుడు లెక్క కుదిరింది.

*

"ఎత్తులకు మనుషుల పేర్లు పెట్టుకున్నవాళ్ళు ఇంతవరకూ మా దగ్గరకు రాలేదు సింగరకొండ గారూ," అంది డాక్టర్ కామేశ్వరి. దాచలేదు, దబాయించలేదు. "మిగతా పిల్లలకు ఎత్తు పోతే ఎత్తే పోయింది. మీ అమ్మాయికి ఎత్తు, మనిషి ఒకే చోట గడ్డకట్టుకున్నాయి. విడదీయడం మాకు రాదు. ఆపేద్దామంటే ఇప్పుడే ఆపేస్తాను."

"పోయినవాళ్ళు?"

"రారు."

నాంచారి కిటికీలో నుంచి సముద్రం చూస్తోంది. "నాకేం లోటు తెలీట్లేదు నాన్నా," అంది. "ఆవిడ మేనత్త అని నువ్వు చెప్పావుగా, నమ్ముతున్నా. ఈసారి వస్తే అత్తా అని పిలుస్తా. మొన్న ఢిల్లీలో ఒక్క ఆట కూడా ఓడలేదు, అది చూడు. ముందు ఒక్కో ఎత్తుకి అరగంట చచ్చేదాన్ని. ఇప్పుడు అడ్డం ఎవరూ రారు."

అడ్డం ఎవరూ రారు. సింగరకొండ ఆ మాటని లోపల పెట్టుకుని కిందికి దిగాడు. పిల్లకు పందొమ్మిదేళ్ళు. ఒప్పుకోవాల్సింది తనేనని, నాన్న కాదని ఆ పిల్ల ముందే చెప్పింది.

ప్రపంచ పోటీలో సగం దాకా బాగానే నడిచింది. తర్వాత ఒక రష్యా పిల్ల నాంచారి నల్లపావుల ఆటని ముక్కముక్కలు చేసి వదిలిపెట్టింది. రెండో సగానికి ముందున్న కొన్ని వారాల విరామంలో పరిశోధనాలయం యంత్రం ఆ ఆటని రాత్రంతా నమిలి తీర్పు చెప్పింది. తప్పు ఫలానా ఎత్తులో లేదు. మధ్యభాగం వదిలేసి మూలకు పోవడమే తప్పు. ఆట మొదలుపెట్టే ఆ తీరునే, ఓపెనింగు మొత్తాన్నే తీసేయాలి.

ఊరికి పోయే బస్సులో సింగరకొండ కూతుర్ని అడిగాడు. "పాయలకైతే పేర్లు పెట్టాను. మొత్తం ఆటకి నేనేం పేరు పెట్టలా. నీ బుర్రలో అది ఎవరిది?"

నాంచారికి నవ్వొచ్చింది. "నీదే కదా. అంతా ఎవరికో వదిలేసి మూలన కూచుని చూసేది ఇంకెవరున్నారు మనూళ్ళో?"

తర్వాత ఆ నవ్వు ఆగింది.

"వద్దనుకుంటే మానేయ్ నాంచారీ."

"మానేస్తే ఓడిపోతా నాన్నా."

అక్కడి నుంచి సింగరకొండ ఒక ఉపాయం పట్టుకున్నాడు. ఆట మీద ఉన్న తన గుర్తుని చెరిపేసి ఇంకొకరిది వెయ్యాలి. ఆ ఇంకొకరు చనిపోయినవాడయితే ఎవరికీ నష్టం లేదు. మర్నాటి నుంచి తండ్రీకూతుళ్ళు పాకలో కూర్చున్నారు. ఒంటె మూలకు పోయినప్పుడల్లా, "ఎవరి ఆట?" అని ఈయన అడగడం, "ఇన్‌స్పెక్టరు గారి ఆట" అని ఆ పిల్ల అనడం. దైవసహాయం గారి గొడుగు, ఆయన దగ్గు, పావు ఎత్తేటప్పుడు చిటికెన వేలు ఎలా లేపేవాడు, అన్నీ చెప్పాడు. చెప్పినవే చెప్పాడు. ఆయన జీవితంలో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం కేరేజీ తెచ్చిన నాంచారి తల్లి ఆదెమ్మ గుంజకు ఆనుకుని చూసింది. "చచ్చి ఏ లోకాన ఉన్నాడో ఆయన. రోజూ ఎందుకయ్యా తలుచుకోవడం?"

"పోయేవాడు ఎటూ పోయినాయనే," అన్నాడు సింగరకొండ.

"ముందు అన్నం తినండి. చల్లారిపోద్ది."

తండ్రీకూతుళ్ళు బల్ల మీంచి తల ఎత్తకుండానే చేతులు కడుక్కున్నారు.

*

ఆ సెషను పొద్దున మొదలుపెట్టారు. సింగరకొండ తెల్లబంట్లను ముందుకు తోశాడు. నల్లవి ఇంట్లోకి తప్పుకున్నాయి.

"ఎవరి ఆట?" అని డాక్టరు అడిగింది.

"ఇన్‌స్పెక్టరు గారిది."

తెర మీద వెలిగిన చోటు తండ్రిని తలిస్తే వెలిగే చోటు కాదు. డాక్టరు గాజులో నుంచి సింగరకొండకి తల ఊపి చూపించింది. ఆయన గుండె బరువు కాస్త దిగింది. కోటేశు దారి పోయింది. ఇంకా నాలుగైదు పాయలు పోయాయి. ఒక్కోదానికీ తప్పే కదా అంటే తప్పే అంటోంది నాంచారి, కీచుమంటోంది, రెప్పలు వాలి లేస్తున్నాయి. ఆ మనుషులకు తర్వాత ఏదో ఒకటి చెప్పుకోవచ్చు అనుకున్నాడు సింగరకొండ. తను మిగిలితే చాలు, మిగతావాళ్ళను ఒక్కొక్కరినీ మళ్ళీ పరిచయం చేస్తాడు.

చివరికి అసలు పాయ మిగిలింది. తెల్లబంటు తోసుకొచ్చి గుర్రాన్ని కొట్టబోతుంది. గుర్రం ఎదురు తిరగదు, పారిపోదు. ఒక్క అడుగు వెనక్కి వేసి, రాజున్న ఇంటి ముందు వచ్చి నిలబడుతుంది. ఆ తర్వాతే నల్లబంట్లు ధైర్యంగా ముందుకు నడుస్తాయి.

"దీని పేరేంటి?" అంది స్పీకరు.

"దీనికి పేరేం లేదు," అన్నాడు సింగరకొండ. "రోజూ ఆడేది ఇదే. ‘అది’ అనే అంటాం."

"చెప్పమ్మా నాంచారీ."

నాంచారి చెప్పడం మొదలుపెట్టింది. గుర్రం వెనక్కి వచ్చి నిలబడటం దగ్గర గొంతు నెమ్మదించింది. తెర మీద ఒక మూల కాదు, చాలాచోట్ల ఎర్రబడింది. ఆ ఎరుపు అంచులు ఒకదాన్నొకటి తాకుతూ పోయాయి. డాక్టరు కుర్చీలో ముందుకు జరిగింది. నాంచారి ఒకసారి తలుపు వైపు చూసింది, ఎవరో వస్తున్నట్టు. అక్కడెవరూ లేరు.

"తప్పే కదా?" డాక్టరు గొంతులో ఈసారి నిజంగానే ప్రశ్న ఉంది.

నాంచారి చాలాసేపు పెదవి కొరుక్కుంది.

"తప్పే," అంది.

కాసేపటికి టోపీ తీసి, జుట్టు సర్దుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని లేచింది. "పోదాం నాన్నా, ఆకలేస్తోంది." సింగరకొండ ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. నాన్నా అంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూతురు నిద్రపోతే, తల తన భుజం మీద వాలితే, ఊరు వచ్చేదాకా ఆయన కదల్లేదు.

ఇంటి ముందు ఆదెమ్మ ఎదురొచ్చి సంచి అందుకోబోయింది. నాంచారి సంచి వదల్లేదు.

"పర్లేదండీ, నేను తెచ్చుకుంటాను," అంది.

ఆదెమ్మ చెయ్యి సంచి మీదే ఉండిపోయింది. పిల్ల చనువుగా నాన్నని దాటుకుని లోపలికి పోయి, వంటింటి గడప దగ్గర ఆగి, పరాయి ఇంట్లో ఆగినట్టు అటూ ఇటూ చూసింది.

అప్పుడు తెలిసింది సింగరకొండకి. ఊరందరి పేర్లూ ఎత్తులకు పెట్టాడు. పెళ్ళాం పేరు మాత్రం పెట్టలేదు. వాళ్ళ ఇళ్ళల్లో మొగుడు నలుగురిలో పెళ్ళాం పేరు పెట్టి పిలవడు. ఇదుగో, ఏమే, నిన్నే. అంతవరకే. పాకలో ఆట అసలు పాయలోకి దిగే వేళకు రోజూ ఆదెమ్మ కేరేజీతో వచ్చేది, గుంజకు ఆనుకుని నిలబడేది. ఎండన పడి వచ్చిన మనిషి కూర్చునేది కూడా కాదు. పేరు లేని దారికి చిన్నపిల్ల ఎవరిని పెట్టుకుంటుంది? పేరు పెట్టినవాళ్ళను కాపాడుకోవడం గురించి ఆలోచించాడు గానీ, పెట్టనివాళ్ళ మాట ఆయనకు తట్టలేదు.

ఆదెమ్మ ఏడవలేదు. కంచం పెట్టింది. "పులుసు వేసుకుంటావా?" అని అడిగింది. "వేయండి, చాలా బాగుంది," అంది నాంచారి. ఆదెమ్మ గిన్నెలు సర్ది పెరట్లోకి పోయాక, వెనకాలే వచ్చిన మొగుణ్ణి చూడకుండా అడిగింది.

"నన్ను ఏ ఎత్తులో పెట్టావయ్యా?"

"ఎందులోనూ పెట్టలేదు."

"అదే అడుగుతున్నా."

*

నాంచారి ప్రపంచ పోటీ గెలిచింది. చివరి ఆటల్లో గడియారంలో సగం టైము కూడా వాడలేదని పేపర్ల వాళ్ళు రాశారు. ఊళ్ళో దండలు వేశారు. దండ వేయడానికి వచ్చిన పిచ్చమ్మని, "అత్తా, బాగున్నావా?" అని పాఠం ఒప్పజెప్పినట్టు పలకరిస్తే, ఆవిడ దండ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

డాక్టర్ కామేశ్వరి ఇంకొద్దని పైవాళ్ళకు చెప్పిందట. ఆవిణ్ణి వేరే పనికి మార్చారు. టోపీ ఇప్పుడు చిన్నదయింది, తీగలు లేవు, ఫోనుతోనే పనిచేస్తుంది. గెలిచిన పిల్లకు దాన్ని ఇంటికే ఇచ్చి పంపారు.

ఆదెమ్మ రోజూ తల దువ్వబోయేది, నాంచారి వద్దండీ అనేది. ఆదెమ్మ దువ్వెన దాని చోట పెట్టేసేది. ఒకరోజు పెట్టలేదు, చేతిలో పట్టుకుని పెరట్లో అలాగే కూర్చుంది. సింగరకొండ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చినా ఇద్దరూ లేవలేదు.

నాంచారి గుమ్మంలో నుంచి వాళ్ళను చూసింది. లోపలికి పోయి చాప వేసి, బల్ల పరిచి, పావులు సర్ది, తండ్రిని పిలిచింది. చేతిలో టోపీ ఉంది.

"ఇది నువ్వు పెట్టుకో నాన్నా. ఆవిడ గురించి బాధపడుతున్నావు. నేను వేరేలా ఉండేదాన్నని నీకు గుర్తుంది, అందుకే నొప్పి. ఆ రోజులు చెప్పు, నేను ఎదురుగా కూచుంటా. తప్పని నువ్వు అన్నావంటే పోతుంది. హాయిగా ఉంటుంది. నాకు తెలుసు కదా."

గొంతులో ప్రేమ ఉంది. అదే ఆయన్ని భయపెట్టింది.

"నాకు ఉండనీ," అన్నాడు సింగరకొండ.

"ఎందుకు?"

"మీ అమ్మ నీకెవరో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నా."

నాంచారి ఆ మాటని తూచింది. "నీ బాధ నాకు అడ్డం వస్తోంది నాన్నా. నిన్నటి ఆటలో ఎత్తు వెయ్యబోతే నీ మొహం కనపడింది. టైము పోయింది."

"పోతే పోనీలే అమ్మా."

"సరే," అంది నాంచారి. కోపం లేదు. టోపీ తన తలకే పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుంది. బల్లని మెల్లిగా తిప్పి, తెల్లపావులు తండ్రి వైపు వచ్చేట్టు పెట్టింది. "అయితే చిన్నప్పటి నుంచి మనం ఆడిన ఆటలన్నీ మొదటి నుంచి చూద్దాం. నాకు గుర్తున్నంత వరకూ. నువ్వు ఎక్కడెక్కడ ఉన్నావో వెతుకుదాం. మొదటి ఎత్తు నీదే."

సింగరకొండ బల్ల వైపు చూశాడు. రాజు ముందరి బంటు, మంత్రి ముందరి బంటు, ఏది తోసినా ఆ పిల్ల లోపల ఏదో కరగడం మొదలవుతుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆదెమ్మ పెరట్లో నుంచి వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చుంది. ఆటంటే ఏమిటో ఆవిడకు తెలియదు. అయినా మొగుడి చేతుల వైపు చూసి, తన చేతులు కూడా ఒళ్ళో పెట్టుకుంది.

ఎండ గుమ్మం దాటి చాప అంచుకు వచ్చింది. సింగరకొండ పావు ముట్టలేదు. ఫోనులో ఆట గడియారం ఆయన టైము మీద నడుస్తోంది. ఎదురుగా నాంచారి కదలకుండా కూర్చుని చూస్తోంది. ఆ పిల్లకు తొందర లేదు. తొందరపడి వేసే ఎత్తులన్నిటినీ అన్నిటికంటే ముందే తీసేయించుకుంది.